మూడోసారి పిలిచే మనిషి

మా వదిన పోయిన తర్వాత జరిగిన మొదటి వనభోజనాలకు నన్ను ఏ మనిషీ పిలవలేదు. ఫోను పిలిచింది. మా అన్నయ్య కొడుకు కుటుంబం అందరికీ కలిపి ఒక వాట్సాప్ గ్రూపు పెట్టాడు. అందులో ఒక పొద్దున్న, 'ఈ ఆదివారం కార్తీక వనభోజనాలు, ఎప్పటి తోటలోనే, అందరూ తప్పక రావాలి' అని రాసి, చివర రెండు చేతులు జోడించిన బొమ్మ పెట్టాడు. ఆ గ్రూపులో ముప్పై మందికి పైగా ఉన్నాం. ముప్పై మందికీ కలిపి ఒక్కటే దండం. అందులో నా వాటాకు ఏ వేలు వస్తుందో నాకు తెలియలేదు.

దాని కింద నా పేరు మీద బొటనవేలు గుర్తు కనిపిస్తే అది నేను పెట్టింది కాదు. నేను స్నానానికి వెళ్లినప్పుడు నా భార్య పెట్టింది. ఈ సంగతి అప్పుడే అందరికీ చెప్పాలనుకున్నాను. అడిగినవాళ్లు లేక చెప్పలేదు.

మేము ఒడిశాలో, సెమిలిగుడలో ఉంటాం. ముప్పై ఏళ్లుగా అక్కడ బస్సులు ఆగే చోట కిరాణా కొట్టు నడుపుతున్నాను. అన్నయ్య మాత్రం రామనగుడ దగ్గర, మా తాత శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి కొనుక్కున్న పొలం మీదే ఉండిపోయాడు. ప్రతి కార్తీకంలో ఒక ఆదివారం మా వాళ్లందరం పిల్లాజెల్లాతో అన్నయ్య తోటకు చేరి, ఏటి ఒడ్డున ఉసిరి చెట్టు కింద వండుకుని తింటాం. నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ ఇది ఉంది.

వదిన ఉన్నన్నాళ్లూ పిలుపు ఇలా ఉండేది కాదు. మాలో బొట్టు పెట్టి పిలవనిదే ఆడవాళ్లు గడప దాటరు. ఆడవాళ్లు కదలని చోటికి మగవాడు ఒక్కడూ వెళ్లి చేసేదేముంది? రామనగుడ నుంచి మా ఊరు వచ్చి బొట్టు పెట్టి వెళ్లాలంటే రోజంతా బస్సుల్లోనే గడిచిపోతుంది. అందుకని వదిన కాగితంలో కుంకుమ పొట్లం కట్టి, దానితో రెండు తమలపాకులు, ఒక వక్క పెట్టి రాయగడ బస్సు కండక్టరు చేతికి ఇచ్చేది. అతను రాయగడలో కొరాపుట్ వైపు వచ్చే బస్సుకు అందించేవాడు. సాయంత్రానికి ఆ పొట్లం మా కొట్టు ముందు దిగేది. తమలపాకులు వాడిపోయి ఉండేవి. దిగిన కాసేపటికి వదిన ఫోను చేసేది.

"సెల్లిని బొట్టెట్టుకోమను మరిదీ. నా సేత్తో నానెట్టినట్టే. బేగి రాండి, ఆఖర్న వచ్చి అడుగున మాడిందే ఎట్టేరని అనకు."

ఒక ఏడు నాకు నిజంగానే అడుగున మాడిన పులిహోర పెట్టింది. అందుకే ఆ మాట. ఇంకో ఏడు పొట్లంలో వక్క లేదు. తొందరలో మరిచిపోయిందని అన్నయ్య సర్దిచెప్పాడు. తొందర ఎవరికి లేదు? వక్క లేని తాంబూలం తాంబూలం కాదు. ఆ ఏడు వెళ్లాను గాని ఎవరితోనూ మాట్లాడలేదు. మరుసటి ఏడు పొట్లం విప్పితే మూడు వక్కలున్నాయి. అది వెక్కిరింపని నాకు అర్థమైంది. దాన్నీ మరిచిపోలేదు.

ప్రతి ఏడూ ఆ తోటకు నేను ఏదో ఒక బాధతోనే వెళ్లేవాణ్ణి. అన్నయ్య కొడుకు పెళ్లి శుభలేఖలో నా పేరు మా బావగారి పేరు కింద వేశారు. వాళ్ల గృహప్రవేశంలో బావగారికి పంచెల చాపు పెట్టి నాకు తువ్వాలు పెట్టారు. ఆ తువ్వాలు ఇప్పటికీ మడత విప్పకుండా బీరువాలో ఉంది. ఇలాంటివి మనసులో పెట్టుకుని అందరి మధ్యా కూర్చుని బూరెలు తినడం నాకు చేతకాదు. అందుకని వంట సాగినంతసేపూ దూరంగా మోటారు గది గట్టు మీద కూర్చునేవాణ్ణి.

విస్తళ్లు వేసేవారు. మొదట ఎవరో ఒక గుంటడు పరుగెత్తుకు వచ్చి, "తాతా, రమ్మంటన్నారు" అనేవాడు. ఇప్పుడే తిన్నానని పంపేసేవాణ్ణి. తర్వాత అన్నయ్య సగం దూరం వచ్చి, "రారా, ఆకేసేం" అని అరిచేవాడు. ఆకలి లేదనేవాణ్ణి. ఆయన వెనక్కి తిరిగేవాడు. అప్పుడు వదిన గరిటె చేత్తో పట్టుకునే వచ్చేది.

"ఏటి మరిదీ, అలకపాన్పు మీదున్నావేటి? కొత్త పెళ్లికొడుకువా? నీకు మోటరుసైకిలు కావాలేటి, మెళ్లోకి సైను కావాలేటి? మీ అత్తారు ఇక్కడ నేరు, నాను మాత్రం గుమ్మడికాయ పులుసే ఇవ్వగలను. లెగు. లెగకపోతే గరిటె ఇరుగుద్ది."

తోటంతా నవ్వేది. నాకు ఒళ్లు మండేది. లేచి వెళ్లి కడుపునిండా తినేవాణ్ణి.

ఇది నా ఒక్కడి తిక్క అనుకోవద్దు. మా వైపు పద్ధతే అది. భోజనానికి పిలవగానే లేచి కూర్చుంటే వాడు తిండికి వచ్చాడంటారు. మొదటిసారి 'తినొచ్చేను' అనాలి. రెండోసారి 'ఆకలి లేదు' అనాలి. మూడోసారి ఎవరో చెయ్యి పట్టుకుని లేపాలి. అలిగినవాడికైతే ముందుగానే విస్తరి వేసి ఉంచుతారు. నిండుగా కూర్చున్న వరసలో ఒక్క విస్తరి ఖాళీగా కనిపిస్తుంటే చూస్తూ తినడం ఎవరికీ కుదరదు. ఎవరో ఒకరు లేవాల్సిందే. మా నాన్న అలా అలిగేవాడు. ఆయన్ని మా అత్త లేపేది. నన్ను వదిన లేపేది.

వదిన మూడేళ్ల కిందట చలికాలంలో పోయింది. ఆ ఏడంతా ఇంట్లో ఏ పండగా లేదు. మరుసటి కార్తీకానికి వచ్చిందే నేను చెప్పిన దండం బొమ్మ.

నేను రానని నా భార్యతో చెప్పాను.

"పిలిసేరు కదా, ఫోన్లో" అంది.

"అది పిలుపా? బిల్లు కట్టమని కరెంటోళ్లు కూడా ఫోన్లోనే పంపుతారు."

"కరెంటోళ్లు దండం ఎట్టరు కదా" అంది. ఆమెకు అన్నీ వేళాకోళమే.

కాని మా మనవరాలికి మాట ఇచ్చేశాను. అది నా కూతురి కూతురు, ఐదేళ్లది. కొరాపుట్‌లో ఉంటుంది. సెలవు దొరికితే మా ఇంటికి వచ్చేస్తుంది. తోటలో ఉయ్యాల కడతారని ఎవరు చెప్పారో, నెల రోజుల నుంచీ అదే కలవరింత. దాని కోసం బయలుదేరాను. అయితే ఒకటి గట్టిగా అనుకున్నాను. వెళతాను, పిల్లను ఉయ్యాల ఎక్కిస్తాను. చెయ్యి పట్టుకుని లేపితేనే తింటాను. వదిన లేకపోయినా ఆ ఇంట్లో నాకు ఒక చోటు ఉందో లేదో ఆ రోజుతో తేలిపోతుందనుకున్నాను.

శనివారం రాయగడలో నా భార్య చెల్లెలి ఇంట్లో ఆగి, ఆదివారం పొద్దున్న రామనగుడ బస్సెక్కాం. మేము తోటకు చేరేసరికి మూడు పొయ్యిల మీద గంగాళాలు ఎక్కి ఉన్నాయి. కంద ముక్కలు తరుగుతూ ఇద్దరు ఆడవాళ్లు, కొబ్బరికాయతో కుస్తీ పడుతూ మా బావగారు ఉన్నారు. పిల్లలు పదిమంది దాకా మామిడి కొమ్మకు కట్టిన ఉయ్యాల దగ్గర వంతుల కోసం కొట్టుకుంటున్నారు. సగం ఒడియా, సగం తెలుగు. అన్నయ్య మనవలు నన్ను చూసి "జేజే వచ్చేడు" అని అరిచారు. ఒడియా బడికి వెళ్లే పిల్లలు తాతను అలాగే అంటారు. వాళ్లకు నేను తాతనని ఎన్నిసార్లు చెప్పినా అంతే. మనవరాలు నా చెయ్యి విడిపించుకుని వాళ్లలో కలిసిపోయింది.

అన్నయ్య కోడలు ఎదురొచ్చింది. రాయగడ పట్నంలో పుట్టి పెరిగిన పిల్ల, బడిలో టీచరు. వదిన చేసే పనులన్నీ ఇప్పుడు ఆమె మీద పడ్డాయి. చేతిలో కాగితం, పెన్ను. ఎవరికి షుగరు, ఎవరు ఉపవాసం, ఎవరికి కారం పడదు, అన్నీ రాసుకుంది. నా భార్యకు కుంకుమ భరిణె చూపించి బొట్టు పెట్టింది కూడా. అక్కడికి వెళ్లాక పెట్టే బొట్టు ఎందుకో నాకు తెలియదు.

"చిన్నమావయ్యగారూ, మీరు భోజనం చేస్తారు కదండీ?" అని అడిగింది.

"ఇప్పుడే తినొచ్చేనమ్మా" అన్నాను. పద్ధతి ప్రకారం మొదటి మాట.

"అయ్యో, అలాగా అండీ" అని కాగితం మీద ఏదో రాసుకుంది. "మీకు ఎండలో ఇబ్బందిగా ఉంటుంది. నీడలో కుర్చీ వేయిస్తానండి."

కుర్చీ వేయించింది. మంచినీళ్ల చెంబు తెచ్చి పక్కన పెట్టింది. దుమ్ము పడకుండా దాని మీద మూత కూడా పెట్టింది. నేను మోటారు గది గట్టు మీద కూర్చోవాలనుకున్నాను. కుర్చీ వేశాక గట్టు ఎక్కితే బాగుండదు. కుర్చీలోనే కూర్చున్నాను.

మనవరాలు ఉయ్యాల ఊగింది. నాలుగుసార్లు ఊగి దిగనని మొండికేస్తే వాళ్లే దింపారు. అది ఏడవలేదు. నేరుగా వెళ్లి ఇసకలో గుంట తవ్వే వాళ్లతో చేరింది. పిల్లలు గుంటలోకి నీళ్లు ఊరేదాకా తవ్వారు. అందులో ఉసిరికాయలు పోసి అంగడి పెట్టారు. నేను కొట్టు నడిపేవాణ్ణి కదా, తాతను అడిగి తూకం నేర్చుకోండని ఒక్కరైనా అంటారేమోనని చూశాను. దూరంగా ఉన్న నన్ను ఎవరూ తలచుకోలేదు. పొయ్యిల దగ్గర నుంచి ఆవ వాసన వస్తోంది. అప్పటికి నాకు ఆకలి మొదలైంది. పొద్దున్న రాయగడలో ఒక్క టీ తాగి వచ్చాను.

మధ్యాహ్నం ఏటి వైపు రెండు వరసలుగా టార్పాలిన్లు పరిచి అడ్డాకు విస్తళ్లు వేశారు. అన్నయ్య కొడుకు విస్తళ్లు లెక్కపెడుతూ వేసుకుంటూ వచ్చాడు. నేను కుర్చీలో నుంచి కళ్లతోనే అతని వెంట నడిచాను. అన్నయ్య పక్కన ఎప్పుడూ నాది. అక్కడికి వచ్చేసరికి భార్య చేతిలోని కాగితం వైపు చూశాడు. ఆమె తల అడ్డంగా ఊపింది. అన్నయ్య పక్క విస్తరి మా బావగారికి వేశాడు.

నాకు విస్తరి వేయలేదు.

అందరూ కూర్చున్నారు. వరసలో ఖాళీ లేదు. చూసినవాళ్లకు ఏదో లోటుందని అనిపించడానికి అక్కడ ఏమీ లేదు. వడ్డన సాగిపోయింది. పులిహోర, కంద బచ్చలి, గుమ్మడికాయ పులుసు, బూరెలు. నా భార్య ఒకసారి తల ఎత్తి నా వైపు చూసింది. రమ్మన్నట్టు చేత్తో సైగ చేసింది. పెళ్లాం పిలిస్తే అది పిలుపు కాదు. ఆ సంగతి ఆమెకూ తెలుసు. చెయ్యి దించుకుని తినసాగింది.

కాసేపటికి మనవరాలు రెండు చేతుల్లో రెండు బూరెలతో నా దగ్గరికి వచ్చింది.

"తాతా, బూరె తింటావా?"

"వద్దమ్మి."

"నిజంగా వద్దా?"

"వద్దు."

"సరే" అని ఒకటి కొరికింది. పూర్ణం గడ్డం మీదికి కారింది.

"మళ్లీ అడగవేటి?" అన్నాను.

"మా మిస్ సెప్పింది, వద్దన్నోళ్లని బలవంతం సెయ్యకూడదని. రెండుసార్లు అడిగేను కదా తాతా." రెండో బూరె కూడా తినేసి, చేతులు నా పంచెకు తుడిచి వెళ్లిపోయింది.

తర్వాత అన్నయ్య చెయ్యి కడుక్కుని నెమ్మదిగా నడుచుకుంటూ వచ్చాడు. వదిన పోయాక మనిషి సగమయ్యాడు. నా కుర్చీ పక్కన చెట్టు మొదలుకు ఆనుకుని కింద కూర్చున్నాడు. తమ్ముడు కుర్చీలో, అన్న నేల మీద. నేను లేవబోతే భుజం మీద చెయ్యి వేసి ఆపాడు.

"తిన్నావేట్రా?" అన్నాడు.

తిన్నావా అని అడగడం వేరు, తినరా అనడం వేరు. ఆ ఒక్క మాట మార్చి ఉంటే నేను లేచి ఉండేవాణ్ణి. ఇప్పటికీ ఆ మాటే అనుకుంటాను.

"తిన్నాను" అన్నాను.

"పులుసు బాగుంది కాదేటి? మీ వదిన ఎట్టినట్టే ఎట్టింది కోడలు."

"ఉప్పు తక్కువయింది."

"ఎక్కువైందిరా" అన్నాడు అన్నయ్య. "అందరూ అదే అన్నారు."

ఆయన నా మొహం చూడలేదు. ఏటి వైపు చూస్తున్నాడు. నేను తినలేదని ఆయనకు ఆ క్షణంలో తెలిసిపోయిందని నాకు తెలుసు. చిన్నప్పటి నుంచీ ఆయన సగం దూరం వచ్చి ఒక్కసారి పిలిచి వెనక్కి వెళ్లిపోయే మనిషి. మిగతా సగం దూరం నడిచి వచ్చేది ఆయన భార్య. ఇప్పుడు ఆయన నా కుర్చీ పక్కదాకా వచ్చి కూర్చున్నాడు. అంతకు మించి ఎలా చెయ్యాలో ఆయనకు తెలియదు. నాకు మాత్రం తెలుసా? "ఆకలేస్తంది అన్నయ్యా" అంటే సరిపోయేది. ఆ మాట నోటిదాకా వచ్చింది. అరవై ఏళ్లు దాటినవాడు అడుక్కుని తినడమేమిటని మింగేశాను.

గిన్నెలు కడిగేశారు. పిల్లలు మళ్లీ ఇసకలోకి పోయారు. అన్నం మిగిలింది, దాన్ని గొడ్లకు పెట్టారు.

సాయంత్రం బస్సు దగ్గరకు అన్నయ్య కొడుకూ కోడలూ మాతో వచ్చారు. కోడలు నా భార్య చేతికి ఒక స్టీలు డబ్బా ఇచ్చి, "మీకూ పాపకూ దారిలోకండీ" అంది. నా వైపు తిరిగి నొచ్చుకుంటున్నట్టు చెప్పింది. "చిన్నమావయ్యగారూ, మీకు అంత దూరం ప్రయాణం, పైగా బయటి తిండి పడదు. మేమే ఆలోచించుకోవాల్సింది."

"అవును సిన్నాన్నా" అన్నాడు అన్నయ్య కొడుకు. "వచ్చే ఏటి నుంచి మీరు కష్టపడి రానక్కర్లేదు. పిన్నిని, పిల్లని పంపండి. నాను బస్సు దగ్గరికొచ్చి తీసుకెళ్తాను. మీకు వీడియో కాల్ సేస్తాం. ఏటంటారు?"

వాళ్ల మొహాలు చూశాను. వెతికాను. అందులో వెక్కిరింపు లేదు, కోపం లేదు, వదిలించుకుందామన్న ఆత్రం కూడా లేదు. నా మీద దయతోనే అంటున్నారు. నాకు ఎదురుపడిన అవమానాలన్నిటిలో ఎవరో ఒకరి తప్పు దొరికేది. దాన్ని పట్టుకుని ఒక ఏడు గడిపేవాణ్ణి. ఇందులో పట్టుకోవడానికి ఏమీ దొరకలేదు.

'అదేటి, నానెందుకు రాను' అనాలి. మా వైపు ఎవరైనా అదే అంటారు.

"సరే" అన్నాను.

వాళ్లు దాన్ని సరే అనుకున్నారు. మా నాన్న కాలంలో అయితే ఆ ఒక్క మాటకు ఇల్లంతా వచ్చి కాళ్లు పట్టుకునేది. అన్నయ్య కొడుకు తేలికపడ్డట్టు ఊపిరి వదిలి సంచీలు బస్సులో పెట్టాడు.

దారిలో రాయగడ వచ్చేలోపు నా భార్య డబ్బా విప్పి నా ఒళ్లో పెట్టింది. పులిహోర చల్లారి గట్టిపడింది. మనవరాలు నిద్రపోయింది. నేను కిటికీ వైపు తిరిగి తిన్నాను. ఆమెకు కనిపించకుండా తిన్నానని అనుకున్నాను గాని డబ్బా ఆమే కడిగింది.

ఈ ఏడు కార్తీకం వచ్చింది. గ్రూపులో అదే సందేశం, అదే దండం. దాని కింద అన్నయ్య కొడుకు నా ఒక్కడి కోసం విడిగా రాశాడు. 'సిన్నాన్నా, మీరు ఇబ్బంది పడొద్దు, పిన్నిని పంపండి.' నా కోసమే రాసిన వాక్యం అది ఒక్కటే. ఈసారి బొటనవేలు నేనే పెట్టాను.

నా భార్య రెండు రోజులు చూసింది. "వస్తే రాండి, ఎవరూ కాదనరు" అంది బయలుదేరే ముందు. కాదనరు, నిజమే. మనవరాలు చెప్పులు వేసుకుని అప్పటికే గుమ్మం దిగింది. నువ్వు రావా అని అడుగుతుందేమోనని కొట్టులో నుంచి వీధిలోకి వచ్చి నిలబడ్డాను. తాత రాడని దానికి ఎవరు చెప్పి పెట్టారో, టాటా చెప్పి బస్సెక్కింది.

ఆదివారం మధ్యాహ్నం మాట ప్రకారం వీడియో కాల్ వచ్చింది. మనవరాలు ఫోను పట్టుకుని తోటంతా తిప్పింది. ఉయ్యాల కనిపించింది, పొయ్యిలు కనిపించాయి, అన్నయ్య వీపు కనిపించింది. "జేజేకి సూపించు, జేజేకి సూపించు" అంటూ పిల్లలంతా మొహాలు దగ్గరగా పెట్టారు. ఒకడు నాలుక బయటపెట్టాడు. ఇంతలో ఎవరో విస్తళ్లు వేశామని కేకేశారు. మనవరాలు ఫోనును ఇసకలో పెట్టి పరుగెత్తింది.

ఆ తర్వాత నాకు ఆకాశం, ఉసిరి ఆకులు కొన్ని, అంతే కనిపించాయి. మాటలు వినిపిస్తున్నాయి. బావగారు ఇంకొంచెం పులుసు అడిగాడు. కోడలు ఎవరినో బూరెలు కావాలా అని అడిగింది. చాలన్నారు, వాళ్లకు ఆమె మళ్లీ వెయ్యలేదు. అన్నయ్య గొంతు ఒక్కసారీ వినిపించలేదు. కొట్టుకు ఒకామె వచ్చి పప్పు అడిగితే ఒక చేత్తోనే తూచి ఇచ్చాను. ఇసకలో ఫోను ఉందని అక్కడ ఎవరికీ గుర్తు లేదు. నేను కాల్ కట్ చెయ్యలేదు. బ్యాటరీ అయిపోయి అదే ఆగిపోయేదాకా ఆ ఆకుల్ని చూస్తూ కూర్చున్నాను.